నాలుగో రోజు ఆగిపోయే ప్రోగ్రాం: ప్రాసెస్‌లు మొదలుపెట్టి ఆపే చోట లీకు పట్టుకోవడం ఎలా

"ప్రోగ్రాం మూడు రోజులు బ్రహ్మాండంగా నడుస్తోందండీ. నాలుగో రోజు తెల్లవారుజామున ఆగిపోతోంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. బోర్డు పోయిందంటారా?"

ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. భీమవరం వైపు నుంచి ఒకరు, ఆకివీడు నుంచి ఒకరు, అమలాపురం అవతల నుంచి ఇంకొకరు. బోర్డులు వేరు, కెమెరాలు వేరు, జబ్బు మాత్రం ఒకటే. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు వరసగా రాసి పెడుతున్నాను.

బోర్డు పోలేదు. మీ ప్రోగ్రాం కొన్ని నిమిషాలకోసారి ఇంకో ప్రాసెస్‌ను, అంటే ఇంకో ప్రోగ్రాంను, వెనకాల మొదలుపెట్టి, పనయ్యాక ఆపుతోంది. ఆపిన ప్రతిసారీ ఏదో ఒకటి మూయకుండా వదిలేస్తోంది. ఒక పైపో (రెండు ప్రాసెస్‌ల మధ్య డేటా పోయే దారి), ఒక లాగ్ ఫైలో, ఒక థ్రెడ్డో (ప్రోగ్రాం లోపల విడిగా నడిచే పని). దీన్నే లీకు అంటున్నాను. ఒక్కసారికి అది లెక్కలోకి రాదు. వెయ్యిసార్లు జరిగితే ప్రోగ్రాం పడిపోతుంది.

నా సంగతే చెప్తాను. మాది పాలకొల్లు దగ్గర. మా బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి పెట్టాను. పైథాన్ ప్రోగ్రాం ఒకటి ఐదు నిమిషాలకోసారి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూల్‌ను పిలిచి, ఏరియేటర్ల వైపున్న కెమెరా నుంచి ఒక నిమిషం వీడియో తీస్తుంది. డీవో మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) చదివి, ఆక్సిజన్ తగ్గితే ఫోనుకి మెసేజ్ కూడా పంపుతుంది. గంటకు 12 సార్లు, అంటే రోజుకు 288. లినక్స్‌లో మామూలుగా ఒక ప్రాసెస్ ఒకేసారి తెరిచి ఉంచుకోగలిగే ఫైళ్లు 1024. సారికి ఒక్కటి చొప్పున మిగిలిపోతే మూడున్నర రోజుల్లో ఆ కోటా అయిపోతుంది. సోమవారం సాయంత్రం 4 గంటలకు ఆన్ చేస్తే శుక్రవారం తెల్లవారుజామున ఆగుతుందన్నమాట. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేదీ ఆ వేళకే. బాబాయి ఫోను: "ఒరేయ్, నీ పెట్టె మళ్లీ పడుకుందిరా. వచ్చి లేపు." రొయ్యలకు ఏమీ కాలేదు. ఆయన నా పెట్టెను ఎప్పుడూ నమ్మలేదు కాబట్టి, కాపలా మనిషి టార్చి వేసుకుని గట్టు మీద తిరుగుతూనే ఉన్నాడు.

మీ లెక్క కూడా ఇలాగే వేసి చూడండి. రోజుకు ఎన్నిసార్లు మొదలుపెడుతున్నారు, ఎన్ని రోజులకు ఆగుతోంది? ఆ రెండూ గుణిస్తే 1024కి గానీ, దాని సగానికి గానీ దగ్గరగా వస్తే అనుమానం అక్కర్లేదు. సగానికి వస్తే సారికి రెండు చొప్పున మిగులుతున్నాయి.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

లినక్స్ ఉన్న బోర్డు లేదా ల్యాప్‌టాప్, అందులో టెర్మినల్. మీ ప్రోగ్రాంకు ఒక కాపీ. చెరువు మీద నడుస్తున్న అసలు ప్రోగ్రాం మీద ప్రయోగాలు చేయకండి, రాత్రిపూట అసలే వద్దు. ఒక కాగితం, పెన్ను. ఏ ప్రాసెస్ ఏ ఫైళ్లు తెరిచిందో చూపే ఎల్ఎస్ఓఎఫ్ అనే టూల్ ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లిషు చిన్నక్షరాల్లో కొట్టాలి. నా ఉదాహరణలు పైథాన్‌లో ఉంటాయి. వేరే భాషవాళ్లకు చివర్లో నాలుగు మాటలు రాశాను.

1. మొదటి లెక్క తీయండి

కోడ్ తెరవకండి. ముందు అంకెలు కావాలి.

పీగ్రెప్ కమాండ్‌కు హైఫన్ ఎఫ్ తగిలించి మీ ప్రోగ్రాం పేరు ఇస్తే దాని ప్రాసెస్ నంబరు వస్తుంది. లినక్స్‌లో ప్రోక్ అనే ఫోల్డర్ కింద ఆ నంబరు పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. అందులో ఎఫ్‌డీ అనే ఫోల్డర్‌లో ఎన్ని ఎంట్రీలు ఉంటే మీ ప్రోగ్రాం అన్ని ఫైళ్లు తెరిచి కూర్చుందన్నమాట. పక్కనే స్టేటస్ అనే ఫైలు ఉంటుంది. అందులో థ్రెడ్స్ అన్న లైనులో థ్రెడ్ల సంఖ్య, వీఎమ్ఆర్ఎస్ఎస్ అన్న లైనులో వాడుతున్న మెమరీ కనిపిస్తాయి. పీఎస్ కమాండ్‌లో పేరెంట్ నంబరు ఇచ్చి అడిగితే ఈ ప్రోగ్రాంకు పుట్టిన పిల్ల ప్రాసెస్‌లు కనిపిస్తాయి.

తెరిచిన ఫైళ్లు, పిల్లలు, థ్రెడ్లు, మెమరీ. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఒకసారి వీడియో తీస్తుండగా చూస్తారు, ఇంకోసారి ఖాళీగా ఉన్నప్పుడు చూస్తారు. రెండు అంకెలకూ తేడా వచ్చేసరికి లీకు దొరికిందనుకుంటారు. ఎప్పుడు చూసినా ప్రోగ్రాం ఖాళీగా ఉన్నప్పుడే, అంటే పిల్ల ప్రాసెస్ ఒక్కటీ లేనప్పుడే చూడాలి. మొదటి రెండు మూడు రౌండ్లు లెక్కలోకి తీసుకోకండి. లైబ్రరీలు మొదటిసారి లోడ్ అయినప్పుడు అంకెలు కొంచెం పెరగడం మామూలే. మెమరీ కూడా కాస్త అటూ ఇటూ ఊగుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. మిగతా మూడు అంకెలూ మాత్రం కదలకూడదు.

2. జబ్బును తొందరపెట్టండి

నాలుగు రోజులు ఎదురుచూసే ఓపిక నాకు లేదు, మీకూ ఉండక్కర్లేదు. రెండు మార్పులు చేస్తే చాలు.

ఒకటి, కాపీ ప్రోగ్రాంలో వీడియో నిడివి ఒక నిమిషం బదులు రెండు సెకన్లు చేయండి. మధ్యలో ఐదు నిమిషాల విరామం ఒక సెకను చేయండి.

రెండు, ప్రోగ్రాంను నడపబోయే టెర్మినల్లోనే ముందుగా యూలిమిట్ కమాండ్‌తో తెరిచే ఫైళ్ల పరిమితిని 64కి తగ్గించండి. యూలిమిట్, హైఫన్ ఎన్, 64, అంతే. ఆ టెర్మినల్ మూసేస్తే ఆ పరిమితి పోతుంది, సిస్టమ్‌కు ఏమీ కాదు.

ఇప్పుడు నడపండి. ప్రోగ్రాం మామూలుగా ఇరవై వరకు ఫైళ్లు వాడుకుంటుందనుకుంటే, సారికి ఒకటి చొప్పున కారితే నలభై, నలభై అయిదు రౌండ్లలో పడిపోవాలి. పడిపోయేటప్పుడు "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అంటుంది, ఎర్రర్ నంబరు 24. నాలుగు రోజుల జబ్బు మూడు నిమిషాల్లో బయటపడుతుంది.

రెండు వందల రౌండ్లు దాటినా పడిపోకుండా, తెరిచిన ఫైళ్ల అంకె కదలకుండా ఉంటే మీ లీకు ఫైళ్లలో లేదు. పిల్లల అంకె, థ్రెడ్ల అంకె చూడండి.

3. ఏది కారుతోందో చూడండి

ఆ ఎఫ్‌డీ ఫోల్డర్‌ను ఎల్ఎస్ కమాండ్‌తో వివరంగా చూడండి. ప్రతి అంకె పక్కన అది దేన్ని తెరిచిందో రాసి ఉంటుంది. అక్కడ ఎక్కువగా కనిపించే పేరును బట్టే సగం పని తేలిపోతుంది.

వరసగా "పైప్" అని కనిపిస్తే, పిల్ల ప్రాసెస్ అవుట్‌పుట్ కోసం తెరిచిన పైపులు మూయడం లేదు. ఎక్కువమందికి ఇదే.

ఒకే లాగ్ ఫైలు పేరు పదిసార్లు కనిపిస్తే, ప్రతి రౌండుకూ కొత్త లాగ్ హ్యాండ్లర్ తగిలిస్తున్నారు. దీనికి ఇంకో గుర్తు కూడా ఉంది. లాగ్ ఫైల్లో ఒకే లైను మొదట ఒకసారి, తరవాత రెండుసార్లు, ఆ తరవాత మూడుసార్లు పడుతూ ఉంటుంది. "మీ ప్రోగ్రాంకు నత్తి వచ్చిందేంటండీ" అని ఒకాయన నవ్వుతూ అడిగాడు. అది నత్తి కాదు, లీకే.

"సాకెట్" అని పెరుగుతుంటే మెసేజ్ పంపే కనెక్షన్ ప్రతిసారీ కొత్తది తెరుస్తున్నారు, పాతది మూయడం లేదు. యూఎస్‌బీ సీరియల్ పోర్టు పేరు పెరుగుతుంటే సెన్సర్ చదివే చోట చూడండి. ఫైలు పేరు చివర "డిలీటెడ్" అని ఉంటే, మీరు చెరిపేసిన వీడియోను ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు. డీఎఫ్ కమాండ్ కార్డు నిండిందంటుంది, డీయూతో ఫోల్డర్లు కొలిస్తే ఖాళీగా ఉన్నట్టు చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా అంతా ఈ చెరిపేసిన ఫైళ్లదే.

ఫైళ్లు కదలకుండా పిల్లల అంకె పెరుగుతుంటే పీఎస్‌లో స్థితి చూపే స్టాట్ అన్న కాలమ్ చూడండి. జెడ్ అక్షరమో, "డిఫంక్ట్" అన్న మాటో ఉంటే అవి జాంబీలు, అంటే చచ్చినా పేరు మిగిలిపోయిన ప్రాసెస్‌లు. మీ ప్రోగ్రాం కింద పిల్లలు లేకుండా, సిస్టమ్ మొత్తంలో చూస్తే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లు అయిదారు నడుస్తూ, వాటి పేరెంట్ నంబరు 1 అని కనిపిస్తే అవి అనాథలు. మీరు తల్లిని ఆపారు, పిల్లలు ఇంకా నడుస్తున్నాయి. కెమెరా "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటున్నా చాలాసార్లు కారణం ఈ అనాథలే.

4. మొదలుపెట్టే చోట సరిచేయండి

పైథాన్‌లో పాపెన్‌తో ప్రాసెస్ మొదలుపెట్టేటప్పుడు చాలామంది స్టాండర్డ్ అవుట్‌పుట్‌కూ ఎర్రర్‌కూ పైప్ అని రాసేస్తారు. ఎక్కడో ఉదాహరణలో అలా ఉంటుంది కాబట్టి. మీరు ఆ అవుట్‌పుట్ చదువుతారా? చదవకపోతే పైప్ పెట్టొద్దు. ఏది రాసినా పారేసే డెవ్‌నల్‌కి పంపేయండి.

పైప్ పెట్టి చదవకపోతే లీకు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. లినక్స్‌లో పైపు పట్టేది మామూలుగా 64 కిలోబైట్లు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఊరికే ఉండదు. ఎన్ని ఫ్రేములయ్యాయి, ఎంత సైజు అయిందని అర సెకనుకోసారి ఎర్రర్ అవుట్‌పుట్‌లోకి ఒక లైను వదులుతూనే ఉంటుంది. అవతల చదివేవాడు లేడు. పంటకాలవకి అడ్డంగా గుర్రపుడెక్క పేరుకున్నట్టు పైపు నిండుతుంది. నిండాక ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ లైను రాయలేక అక్కడే నిలబడిపోతుంది, వీడియో ఆగిపోతుంది. మీ ప్రోగ్రామేమో అది పూర్తవుతుందని వెయిట్ పెట్టి కూర్చుంటుంది. ఒకదాని కోసం ఒకటి, తెల్లారేదాకా. నిమిషం క్లిప్పుల్లో ఇది బయటపడదు. పది నిమిషాల క్లిప్పులు తీయడం మొదలుపెట్టాక "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అని ఫోన్లు వస్తాయి.

అవుట్‌పుట్ కావాలంటే కమ్యూనికేట్ వాడండి. అది చదువుతుంది, ఆగేదాకా చూస్తుంది, పైపులూ మూస్తుంది. లేదా విత్ బ్లాక్‌లో ఒక ఫైలు తెరిచి అందులోకి పంపండి. పాపెన్ పిలుపులోనే బ్రాకెట్ల మధ్య ఓపెన్ అని రాసి ఫైలు తెరవకండి, దాన్ని మూసే బాధ్యత ఎవరికీ లేకుండా పోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు లాగ్‌లెవెల్ ఎర్రర్ అనీ, నోస్టాట్స్ అనీ, నోస్టిడిన్ అనీ ఇచ్చేయండి. మాట తగ్గుతుంది, కీబోర్డు వైపు చూడటం మానేస్తుంది.

ఇక నా తప్పు. పాపెన్ ఇచ్చే ఆబ్జెక్ట్‌ను నేను ప్రతిసారీ "చరిత్ర" అనే లిస్టులో దాచాను. సాయంత్రం ఎన్ని క్లిప్పులు తీశామో లెక్క చూసుకోవచ్చని. ఆ లిస్టు పట్టుకుని ఉన్నంతకాలం పైథాన్ ఆ పైపులను వదలదు. లిస్టు తీసేసి ఉంటే అక్కర్లేని ఆబ్జెక్టులను ఏరి పారేసేటప్పుడు పైథానే వాటిని మూసేసేది. రెండు రోజులు వెతికాను దీనికోసం. మీకు చరిత్ర కావాలంటే మొదలైన సమయం, ఆగిన సమయం, రిటర్న్ కోడ్ దాచండి. ఆబ్జెక్ట్ వద్దు.

షెల్ ఈక్వల్స్ ట్రూ అని పెట్టకండి. అలా పెడితే మీరు మొదలుపెట్టింది షెల్. ఎఫ్ఎఫ్ఎంపెగ్ చాలాసార్లు దాని కడుపున పుట్టిన మనవడు అవుతుంది. టెర్మినేట్ అంటే పోయేది షెల్, మనవడు కెమెరా పట్టుకుని అలాగే ఉంటాడు. కమాండ్‌ను లిస్టుగా ఇవ్వండి. పిల్ల ప్రాసెస్ తనే ఇంకొన్ని ప్రాసెస్‌లు పుట్టించే రకమైతే స్టార్ట్ న్యూ సెషన్ అన్నది ట్రూ చేయండి. అప్పుడు ఆ కుటుంబం మొత్తానికి ఒక గ్రూపు నంబరు వస్తుంది, ఆపేటప్పుడు అందరినీ ఒకేసారి ఆపొచ్చు.

5. ఆపే చోట సరిచేయండి

కిల్ అని పిలిచేస్తే ఆగిపోయినట్టే అనుకుంటారు. కాదు. వరస ఇలా ఉండాలి.

ముందు మర్యాదగా అడగాలి, అంటే టెర్మినేట్, సిగ్‌టర్మ్ సిగ్నల్, నంబరు 15. తరవాత పది సెకన్ల గడువుతో వెయిట్. గడువులో ఆగకపోతే కిల్, సిగ్‌కిల్, నంబరు 9. మళ్లీ వెయిట్. చివరగా తెరిచిన పైపులు ఉంటే మూయడం. ఇదంతా ఫైనల్లీ బ్లాక్‌లో ఉండాలి, మధ్యలో ఏ ఎర్రర్ వచ్చినా జరిగేలా.

నేరుగా 9 ఎందుకు కొట్టకూడదంటే, ఎంపీ4 ఫైలుకు దాని విషయసూచిక మామూలుగా చివర్లో రాస్తారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు సిగ్‌టర్మ్ వస్తే ఆ సూచిక రాసి, ఫైలు మూసి పోతుంది. సిగ్‌కిల్ వస్తే రాయడానికి సమయమే ఉండదు. 40 మెగాబైట్ల ఫైలు కార్డు మీద ఉంటుంది, ఏ ప్లేయరూ తెరవదు, "మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్" అంటుంది. కరెంటు తరచూ పోయే చోట ఎంపీ4 బదులు ఎమ్‌కేవీలో తీయండి, మధ్యలో తెగినా అక్కడిదాకా కనిపిస్తుంది. నేను అలాగే మార్చేశాను.

రెండో వెయిట్ ఎందుకంటే జాంబీల కోసం. పిల్ల ప్రాసెస్ చచ్చాక దాని చివరి కబురు తల్లి వచ్చి తీసుకునేదాకా కర్నెల్, అంటే లినక్స్ అసలు గుండె, ఆ పేరు పట్టికలోంచి కొట్టేయదు. తల్లి వెయిట్ అని పిలవకపోతే పేరు అలాగే ఉండిపోతుంది. జాంబీ మీద కిల్ మైనస్ 9 ఎన్నిసార్లు కొట్టినా చావదు, ఎందుకంటే అది ఎప్పుడో చచ్చింది. ఉన్న దారులు రెండే. తల్లి వెయిట్ పిలవాలి, లేదా తల్లే పోవాలి. తల్లి పోతే ఒకటో నంబరు ప్రాసెస్ వచ్చి వాటిని ఏరేస్తుంది. రీస్టార్ట్ చేస్తే అన్నీ మాయమయ్యేది అందుకే.

రెండో వెయిట్‌కు కూడా గడువు పెట్టండి. పీఎస్‌లో స్థితి డీ అని ఉన్న ప్రాసెస్ 9కి కూడా లొంగదు. పాడైన ఎస్‌డీ కార్డు దగ్గరో, వదులైన యూఎస్‌బీ దగ్గరో జవాబు కోసం కర్నెల్ లోపల ఇరుక్కుని ఉంటుంది. గడువు దాటితే లాగ్‌లో రాసి ముందుకు పోండి. అది మీ కోడ్ తప్పు కాదు, కేబులు చూడండి.

జాగ్రత్తలు మూడు చెప్పాలి. పేరు పట్టి చంపొద్దు. పీకిల్‌కు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని ఇస్తే ఆ బోర్డు మీద పక్క చెరువు కెమెరా రికార్డింగ్ కూడా పోతుంది. రెండోది, గ్రూపు మొత్తాన్ని ఆపే కిల్‌పీజీ వాడేటప్పుడు, మొదలుపెట్టినప్పుడు కొత్త సెషన్ ఇవ్వడం మరిచిపోతే ఆ గ్రూపులో మీ ప్రోగ్రాం కూడా ఉంటుంది. తనని తనే చంపుకుంటుంది, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. "ఉన్నట్టుండి మాయమైపోతోందండీ" అంటే నేను మొదట చూసేది ఇదే. మూడోది, కిల్‌పీజీ పిలిచేసరికే గ్రూపు అంతా పోయి ఉండొచ్చు. "అలాంటి ప్రాసెస్ లేదు" అన్న ఎర్రర్‌ను పట్టుకుని వదిలేయండి, దానికి ప్రోగ్రాం పడిపోనక్కర్లేదు.

ఇంత గొడవ వద్దు, ఒక క్లిప్పు తీస్తే చాలు అనుకునేవాళ్లకు సుళువైన దారి ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు హైఫన్ టీ 60 ఇస్తే అరవై సెకన్లకు తనే ఆగుతుంది. దాన్ని పాపెన్‌తో కాకుండా రన్‌తో పిలిచి, టైమౌట్ 90 పెట్టండి. గడువు దాటితే రన్ తనే చంపుతుంది, తనే వెయిట్ చేస్తుంది. కెమెరా వైరు ఊడినప్పుడు తప్ప ఆ గడువు దాకా పోదు.

6. మీ ప్రోగ్రామే ఆగిపోతే?

పిల్లలను ఆపే కోడ్ అంతా చక్కగా రాశారు. కానీ ఎవరో మీ ప్రోగ్రాంనే ఆపారు. పైథాన్ ప్రోగ్రాంకు సిగ్‌టర్మ్ వస్తే, మీరు దానికి హ్యాండ్లర్ రాయకపోతే, ఫైనల్లీ బ్లాకులు నడవవు. టక్కున పోతుంది. కంట్రోల్ సీ కొట్టి పరీక్షించినప్పుడు మాత్రం అన్నీ నడుస్తాయి, అందుకే ఇది ఎవరికీ అనుమానం రాదు. ప్రోగ్రాం మొదట్లోనే సిగ్‌టర్మ్‌కు చిన్న ఫంక్షన్ తగిలించండి. అది సిస్ ఎగ్జిట్ పిలిస్తే చాలు, ఫైనల్లీలు వరసగా నడుస్తాయి.

టెర్మినల్ మూసినా నడిచేలా నోహప్‌తో వెనక్కి నెట్టేసి పోకండి. లినక్స్‌లో ప్రోగ్రాంలను లేపి, ఆపి చూసుకునే సిస్టమ్‌డీ కింద సర్వీసుగా పెట్టండి. సర్వీసు ఆపినప్పుడు దాని కింద పుట్టిన అందరినీ సిస్టమ్‌డీ వెతికి ఆపుతుంది, మనవలతో సహా. కిల్‌మోడ్ అనే సెట్టింగు మామూలుగా కంట్రోల్ గ్రూప్ అని ఉంటుంది, దాన్ని ప్రాసెస్ అని మార్చమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

రెండు కాపీలు నడవకుండా పిడ్ ఫైలు (ప్రాసెస్ నంబరు ఉన్న ఫైలు) రాసేవాళ్లకు ఒక మాట. కరెంటు పోయి వచ్చాక ఆ ఫైలు కార్డు మీద అలాగే ఉంటుంది, ప్రోగ్రాం "నేను ముందే నడుస్తున్నాను" అనుకుని మొదలవదు. ఫైలుకు తాళం వేసే ఎఫ్‌లాక్ వాడండి. ప్రాసెస్ ఎలా చచ్చినా కర్నెల్ ఆ తాళం తీసేస్తుంది.

7. మళ్లీ లెక్క తీయండి

2లో చేసిందే మళ్లీ. పరిమితి 64, రెండు వందల రౌండ్లు. పదో రౌండు దగ్గర అంకెలు, రెండొందలో రౌండు దగ్గర అంకెలు ఒకటే ఉండాలి. "దాదాపు" ఒకటే అంటే కుదరదు. ఫైళ్లు 19 ఉంటే 19.

అన్నీ సవ్యంగా జరిగే రౌండ్లలో లెక్క సరిపోయిందని వదిలేయకండి, అసలు లీకులు పని చెడినప్పుడే ఉంటాయి. ఇవి కావాలని చేసి చూడండి. వీడియో మధ్యలో కెమెరా వైరు పీకండి. ఇంకో టెర్మినల్ నుంచి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను 9తో చంపండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పేరులో ఒక అక్షరం తప్పు రాసి, అసలు మొదలే కాకుండా చేయండి. ఈ చివరిది చాలామందిని పట్టిస్తుంది. లాగ్ ఫైలు ముందు తెరిచారు, పాపెన్ ఫెయిలయింది, మూసే లైను దాకా కోడ్ పోలేదు. ఒక్కో రకానికి యాభై రౌండ్లు తిప్పి లెక్క చూడండి.

వేరే దారులు

పరిమితి 1024 నుంచి 4096కి పెంచితే పోలా అని అడుగుతారు. పోదు. రోజుకు 288 చొప్పున పద్నాలుగు రోజులకు వాయిదా పడుతుంది, అంతే. అప్పటికి మీరు ఈ సంగతి మరిచిపోయి ఉంటారు. రోజూ రాత్రి రీస్టార్ట్ పెట్టడం కూడా అలాంటిదే. రొయ్యల పట్టుబడి కళ్ల ముందు ఉండి, కోడ్ చూసే తీరిక లేకపోతే ఓ వారం పెట్టుకోండి. మధ్యాహ్నం పూట పెట్టండి, తెల్లవారుజామున వద్దు.

నిజంగా పనికొచ్చే దారులు రెండు. మొదటిది, ప్రోగ్రాం రోజంతా నడవడమే మానేయడం. సిస్టమ్‌డీ టైమర్ ఐదు నిమిషాలకోసారి దాన్ని లేపుతుంది, అది ఒక క్లిప్పు తీసి, డీవో చదివి, పూర్తిగా ముగుస్తుంది. ప్రాసెస్ ముగిస్తే తెరిచినవన్నీ కర్నెలే మూసేస్తుంది, మీరు మరిచిపోయినా సరే. ఒకటి నడుస్తుండగా టైమర్ రెండోది మొదలుపెట్టదు. టైము ప్రకారం పనులు లేపే పాత పద్ధతి క్రాన్‌కు ఆ జాగ్రత్త లేదు, దానికి ఎఫ్‌లాక్ తోడు కావాలి. కొత్తగా పెట్టేవాళ్లకు నేను ఇదే చెప్తాను. మీ ప్రోగ్రాం రౌండుకూ రౌండుకూ మధ్య ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే చిన్న ఫైల్లో రాసుకుంటే సరిపోతుంది.

రెండోది, అసలు మొదలుపెట్టడం, ఆపడం మానేసి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను ఒక్కటే నడపడం. దానికి సెగ్మెంట్ అనే పద్ధతి ఉంది, నిమిషానికో ఫైలు తనే కోసి పెడుతుంది. కార్డు మీద చోటు, బోర్డు వేడి చూసుకోవాలి.

నోడ్ వాడేవాళ్లు, "మాక్స్ లిజనర్స్" అన్న వార్నింగ్ వస్తే విసుక్కోకండి. ఒకే దాని మీద పదికి మించి లిజనర్లు తగిలించారని అది చెప్తోంది, ప్రతి రౌండుకూ కొత్తది తగిలించి పాతది తీయడం లేదన్నమాట. డాకర్‌లో నడిపేవాళ్లు ఇనిట్ ఆప్షన్ ఇచ్చి నడపండి, లేకపోతే ఒకటో నంబరు మీ ప్రోగ్రామే అవుతుంది, అనాథ జాంబీలను ఏరే పని దాని నెత్తిన పడుతుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ పేజీలో హ్యాండిల్స్ అనే కాలమ్ ఆన్ చేసుకుంటే ఒకటో మెట్టు అక్కడే అయిపోతుంది.

గట్టు మీద పెట్టాక

ప్రతి రౌండు చివర లాగ్‌లో ఒక లైను రాయించండి. ఫైళ్లు ఎన్ని, పిల్లలు ఎన్ని, థ్రెడ్లు ఎన్ని. ప్రోక్ ఫోల్డర్‌లోంచి చదవడానికి పైథాన్‌లో మూడు నాలుగు లైన్లు చాలు. మా షెడ్డులో ఆ లైను "ఫైళ్లు 19, పిల్లలు 0, థ్రెడ్లు 3" అని ఉంటుంది. పొద్దున్నే 6 గంటల లైను డీవో రీడింగుతో పాటు బాబాయి వాట్సాప్‌కు వెళ్తుంది. థ్రెడ్డంటే ఏంటో ఆయనకు తెలియదు. కానీ మొన్న ఒకరోజు 20 అని వస్తే ఆరుంబావుకల్లా ఫోను: "నిన్న పంతొమ్మిది, ఇవాళ ఇరవై అంటోంది. చూడరా." సెన్సర్ వైరు వదులై, సీరియల్ పోర్టు రెండుసార్లు తెరుచుకుంది.